పేరు చెప్పి పాడినవాళ్ళు

ఫిబ్రవరి 13 హిందుస్తానీ గాయకుడు ఉస్తాద్ అమీర్ ఖాన్ పోయిన రోజు. 1974లో కలకత్తాలో కారు ప్రమాదంలో పోయారు. ఏటా ఆ రోజు పొద్దున్నే నేనున్న సంగీతం గ్రూపులో ఆయన ఫొటోలు, దండలు, దండాలు వరసకడతాయి, వాటిలో నావీ ఉంటాయి. ఈ ఏడు ఒకాయన ఒక ఆడియో పెట్టి, కింద "అత్యంత అరుదైన ప్రైవేటు మెహఫిల్ (ఇంటి కచేరీ), మాల్కౌంస్ రాగం, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకుని వినండి" అని రాశారు. ఆయన చెప్పినట్టే పెట్టుకున్నాను, మూసుకున్నాను.

మొదటి రెండు నిమిషాలు ఒళ్ళు జలదరించింది. మంద్రంలో, అంటే కింది స్థాయిలో, తొందరేమీ లేకుండా, ఝూమ్రా తాళం దూరం దూరంగా అడుగులేస్తుంటే ఒక్కో స్వరం దగ్గరా ఆగి చుట్టూ చూసుకుంటూ వెళ్ళడం, ఇదంతా ఆయన పద్ధతే. మూడో నిమిషంలో ఏదో తేడా కొట్టింది. గొంతు అంచు వేరు. ఆయన్ని ఎన్నేళ్ళుగానో గుండెలో పెట్టుకుని పాడుతున్న ఇంకెవరో పాడారది. బాగానే పాడారు, అదే చిక్కు. ఎవరికీ నొప్పి కలక్కుండా "ఇది ఖాన్ సాహెబ్ గొంతు కాదేమోనండీ" అని రాశాను. కాసేపటికి జవాబొచ్చింది: "పాట బాగుంది కదా సార్, ఎవరిదైతేనేం?"

నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? రాగానికి పేరుంటే చాలదా, పాడినవాడి పేరెందుకు? నాలుగు రోజులు ఇదే బుర్రలో తిరిగింది. ఇప్పుడు నాకు అనిపిస్తున్నది రాస్తాను, మధ్యలో నాకే కొన్నిచోట్ల నమ్మకం సడలుతుంది, అది కూడా రాస్తాను.

పోయిన పెద్దవాళ్ళని అరుదైన రికార్డింగులతో తలుచుకోవడం మంచి పద్ధతే. కానీ అందులో గౌరవం ఆ రికార్డింగు అరుదు కావడంలో లేదు. దాని మీద అంటించే చీటీలో ఉంది. ఎవరు పాడారు, ఎప్పుడు, ఎక్కడ, పక్కన ఎవరు వాయించారు, ఎంత వేగంతో తిప్పితే అసలు శ్రుతి వస్తుంది. ఇవి లేకుండా ఫొటో పక్కన పెట్టి వదిలేస్తే అది శ్రద్ధాంజలి కాదు, శ్రద్ధ లేకపోవడం. ఆ రోజు ఆ మాల్కౌంస్ విషయంలో ఇద్దరికి అన్యాయం జరిగింది. ఖాన్ సాహెబ్‌కి ఆయన పాడని పాట అంటగట్టాం. అంత బాగా పాడిన ఆ రెండో మనిషిని పేరు లేకుండా చేసేశాం. మొదటాయనకి ఇందువల్ల పోయేదేమీ లేదు. రెండో ఆయనకి బహుశా మిగిలింది ఆ ఒక్క టేపేనేమో!

ప్లేటు చివర ఒక గొంతు

గ్రామఫోను కంపెనీ తరఫున రికార్డులు చేయడానికి ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి, నవంబరులో గాయని గౌహర్ జాన్ చేత పాడించిన సంగతి ఈ విషయాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. మైకులు లేవు, మైకుతో రికార్డు చేయడం 1925 తర్వాతి మాట. పెద్ద గరాటులాంటి కొమ్ములోకి మొహం పెట్టి మూడు నిమిషాల్లో ఖయాలో (రాగాన్ని విస్తరించే పాట) ఠుమ్రీయో (శృంగార గీతం) ముగించాలి. గంట సేపు పాడే మనిషికి మూడు నిమిషాలు! ముగించి, ఆ మిగిలిన రెండు క్షణాల్లో ఆవిడ గట్టిగా ఇంగ్లీషులో "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అంటుంది.

చాలాకాలం నేను అది దర్జా అనుకున్నాను. ఆవిడ దర్జాకి తక్కువేమీ లేదు కూడా. కానీ అసలు అవసరం వేరు. ఆ రోజుల్లో ప్లేట్లు ఇక్కడ అచ్చయ్యేవి కావు, జర్మనీలో హానోవర్ ఫ్యాక్టరీకి వెళ్ళి అచ్చయి వచ్చేవి. కలకత్తాలో ఫ్యాక్టరీ 1908లో గాని రాలేదు. అక్కడ లేబులు అంటించేవాడికి ఈ భాష రాదు, ఈ రాగం తెలియదు, ఈ గొంతుకీ ఆ గొంతుకీ తేడా అంతకన్నా తెలియదు. అందుకని పాడినవాళ్ళే చివర్లో పేరు చెప్పేవాళ్ళు. అంటే మన రికార్డుల చరిత్ర మొదలైన రోజునే చీటీ పాటలో భాగమైపోయింది, పాడినావిడే తన గొంతుతో అంటించుకుంది.

నేను విన్న ఒక కాపీలో ఆ చివరి మాట లేదు. కత్తిరించేశారు. పాటకి అడ్డమనుకున్నారో, నవ్వొస్తుందనుకున్నారో. సూది గీరే చప్పుడంతా తుడిచి, తాన్‌పురాని (మన తంబురా) కూడా దాంతోపాటే తుడిచి, గాజుగ్లాసులో పాడినట్టు చేసి, ఆపైన ఆవిడ పేరు తీసేసి, "గౌహర్ జాన్‌కి నివాళి" అని పెట్టారు. ఇంతకన్నా ఏం చెప్పను.

పేరే కాదు, ఏడాది కూడా అంతే ముఖ్యం. గాయని రసూలన్ బాయి భైరవి రాగంలో పాడిన ఠుమ్రీ ఒకటుంది, "ఫూల్ గేంద్వా న మారో, లగత్ కరేజ్వా మే చోట్". పూలబంతితో కొట్టకు, గుండెకి దెబ్బ తగులుతుంది అని. అందరికీ తెలిసిన పాఠం అదే. కానీ 1935 నాటి ఆవిడ ప్లేటులోనే "కరేజ్వా" బదులు "జోబన్వా" ఉంది. జోబన్ అంటే యవ్వనం, రొమ్ము, రెండూను. ఒకే మనిషి, ఒకే పాట, ఒక్క మాట తేడా. ఆ రెంటి మధ్య కాలంలో పాటే వృత్తిగా బతికిన ఆ స్త్రీల మీద, వాళ్ళ పాటల మీద పరువు అనే ముసుగు ఎలా పడిందో ఈ ఒక్క మాట చెబుతుంది. 1935 అన్న అంకె ఆ ప్లేటు మీంచి చెరిగిపోతే ఏమవుతుంది? ముందుది వెనక్కీ వెనకది ముందుకీ పోతాయి. ఎవరో మొదటిదాన్ని "చెడగొట్టిన పాఠం" అంటారు, మనం తలూపుతాం.

శనివారం. కరెంటు పోయింది.

మా మేనమామకి ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం పిచ్చి. 1952లో మొదలైన కార్యక్రమం అది, ఆయన దాన్ని పట్టుకున్నది చాలా తర్వాత, టేప్ రికార్డరు కొన్నాక. శనివారం రాత్రి తొమ్మిదిన్నర అయితే ఇంట్లో ఎవరూ గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా కాకూడదు. ఆయన పోయాక అట్టపెట్టెలో క్యాసెట్లు నా దగ్గరికి చేరాయి. ఒక్కోదాని మీద ఆయన చేతిరాత. ఆ రాతలు చూస్తే నాకు నవ్వూ కోపమూ రెండూ వస్తాయి. "శనివారం. పూరియా. బ్రహ్మాండం." ఇంకోటి: "సరోద్. రెండోవైపు మన ఊరి పెళ్ళి." ఇంకోటి: "మాల్కౌంస్. చాలా గొప్పగా ఉంది. కరెంటు పోయింది."

పేర్లు లేవు! రేడియోలో మొదట్లోనూ చివర్లోనూ పేర్లు చదువుతారు కదా, మామయ్యకి అవి అక్కర్లేదు, ఆయనకి తెలుసు. టేపు మిగలాలని పరిచయం అయ్యాకే బటను నొక్కేవాడు. చివరికొచ్చేసరికి టేపు అయిపోయేది, లేదా కరెంటు పోయేది. నేను ఇన్నిసార్లు చీటీ, చీటీ అంటున్నాను గాని మా ఇంట్లోనే పరిస్థితి ఇది. ఆయన్నేమైనా అనగలనా? ఆయన మనకోసం దాచలేదు. మళ్ళీ వినాలని దాచుకున్నాడు. రికార్డింగులన్నీ ఇలాగే మిగిలాయి, చరిత్ర కోసమని ఎవరూ చేయలేదు. కిరానా ఘరానా (ఘరానా అంటే గాయకుల సంప్రదాయం) గాయకుడు అబ్దుల్ వహీద్ ఖాన్ 1949లో పోయారు. ఒక్క రాగాన్ని గంటలకొద్దీ విప్పే ఆయన పాడిన దర్బారీ, ముల్తానీ, పట్‌దీప్ రాగాలు ఇవాళ మనం వినగలుగుతున్నామంటే అవి రేడియో ప్రసారాల్లోంచి ఎలాగోలా మిగలబట్టి. అమీర్ ఖాన్ విలంబిత్ (నెమ్మది నడక పాట) ఎక్కడిదో అర్థం కావాలంటే ఆ దర్బారీ వినాలి. ఆ కాస్తా పోయి ఉంటే అమీర్ ఖాన్‌కి ముందున్న గది తలుపు మూసుకుపోయేది.

యంత్రం పరిగెడుతోంది

పాత గ్రామఫోను ప్లేట్లకి 78 అని పేరే గాని, తొలినాళ్ళవన్నీ నిమిషానికి 78 చుట్లతో కోసినవి కావు. కొన్ని డెబ్బైల్లో, కొన్ని ఎనభై దాటి. 72తో కోసిన ప్లేటుని 78తో తిప్పితే శ్రుతి ఒక స్వరస్థానం దాటి ఇంకా పైకి వెళ్తుంది, వంద అడుగులు నడిచే కాలంలో పాట నూట ఎనిమిది నడుస్తుంది. తాన్లు (వేగంగా పాడే స్వరాల వరసలు) మెరుపుల్లా ఉంటాయి, గొంతు పిల్లవాడి గొంతులా ఉంటుంది, విన్నవాళ్ళం "అబ్బ, ఆ రోజుల్లో ఏం సాధన!" అంటాం. సాధన సరే, అందులో కొంత మోటారుది.

నా స్నేహితుడి కూతురు హిందుస్తానీ నేర్చుకుంటోంది. ఒకసారి ఎక్కడో దొరికిన పాత ప్లేటు కాపీ విని, అదే శ్రుతిలో, అదే వేగంలో ఆ తాన్ పట్టుకోవాలని వారం రోజులు గొంతు బొంగురు పోయేదాకా పాడింది. వాళ్ళ గురువుగారికి వినిపిస్తే ఆవిడ ఫోన్‌లో తాన్‌పురా పెట్టి పోల్చి చూసి, "యంత్రం పరిగెడుతోందమ్మా, నువ్వెందుకు దాని వెంట పరిగెత్తడం" అన్నారట. వేగం సర్ది విన్నాక ఆ తాన్ మామూలు మనిషి పాడగలిగేదిలానే ఉంది, నాకైతే అప్పుడే ఇంకా అందంగా తోచింది, ఒక్కో స్వరం విడిగా వినబడింది కాబట్టి.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. గాయని కేసర్‌బాయి కేర్కర్ భైరవి "జాత్ కహా హో", మూడున్నర నిమిషాలు, 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పెట్టిన బంగారు పూత రికార్డులో వెళ్ళింది. ఆవిడ కూడా అదే ఏడు సెప్టెంబరులో పోయారు. ఆ రికార్డు కవరు మీద దాన్ని ఎంత వేగంతో తిప్పాలో చెక్కారు. ఒక చుట్టుకి 3.6 సెకన్లు. సెకను అంటే గ్రహాంతరవాసులకి తెలియదు కదా, అందుకని ఉదజని పరమాణువులో జరిగే ఒక మార్పుకి పట్టే కాలాన్ని కొలతగా పెట్టి మరీ చెక్కారు. ఎవరో, ఎప్పుడో, చెవులున్నాయో లేదో కూడా తెలియనివాళ్ళకి మన కేసర్‌బాయిని సరైన శ్రుతిలో వినిపించాలని అంత తాపత్రయం. మనకి మనం పంపుకునే ఫైలు మీద రాగం పేరు ఉంటే గొప్ప.

ఎవరిదైతేనేం అన్న మాటకి బలం

ఇంత రాశాక అటువైపు మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి, ఎందుకంటే నన్ను ఇబ్బంది పెట్టేది అదే.

కేసర్‌బాయి గురువు అల్లాదియా ఖాన్ 1946 దాకా బతికి కూడా రికార్డు ఇవ్వలేదు. ఆయన గొంతు మనకి లేదు. చీటీ అంటించడానికి అసలు సీసాయే లేదు. అయినా ఆయన ఘరానా అయిన జైపూర్-అత్రౌలీ గాయకులు ఆయన పేరు చెప్పుకోకుండా తాన్‌పురా ముట్టుకోరు. కేసర్‌బాయి, మోగుబాయి కుర్దీకర్, ఆయన కొడుకుల దగ్గర నేర్చుకున్న మల్లికార్జున్ మన్సూర్, వీళ్ళ గొంతుల్లో ఆయన ఉన్నాడంటారు. మరి గౌరవానికి రికార్డింగే అక్కర్లేనప్పుడు దాని మీద లేబులు గురించి ఇంత గోల ఎందుకు? గురుముఖంగా వచ్చే విద్యలో అసలు చీటీ శిష్యుడే.

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. శిష్యుడు గురువు పేరు తప్పు చెప్పడు. వాడు పాడేముందు చెవి పట్టుకుని గురువు పేరు చెబుతాడు. ఫైలు చెవి పట్టుకోదు.

రెండో సంగతి ఇంకా కష్టం. మా పిన్నికి కర్ణాటక సంగీతం వచ్చు, హిందుస్తానీ అంటే పెద్దగా పట్టింపు లేదు. ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ త్యాగరాజస్వామి "రామా నీ సమానమెవరు" పాడి ఇచ్చిన ప్లేటుని పేరు చెప్పకుండా ఆవిడకి వినిపించాను. కొంచెం సేపు విని, "ఎవర్రా ఇది, తెలుగుని పీకి పాకం పెడుతున్నాడు" అంది. కైరానాలో పుట్టి మిరజ్‌లో స్థిరపడ్డ మహా గాయకుడు, మైసూరు, మద్రాసులు తిరిగి మన సంగీతం మీద మనసుపడి మన కృతి పాడాడు, 1937లో మద్రాసు నుంచి పుదుచ్చేరి వెళ్తూ దారిలో సింగపెరుమాళ్ కోయిల్ స్టేషనులో పోయాడు అని చెప్పాను. పిన్ని ఏమీ మాట్లాడలేదు. మళ్ళీ పెట్టమంది. ఈసారి కళ్ళు తుడుచుకుంది.

అది చూసి నాకు సంతోషం వేయలేదు, అనుమానం వేసింది. పాట మారలేదు, ఖరహరప్రియ రాగం మారలేదు, ఉచ్చారణ మారలేదు. పేరు విన్నాక ఆవిడ చెవి తెరుచుకుందా, మూసుకుందా? గొప్పవాడని తెలిసి తప్పులు వినడం మానేసిందా? నేనే ఆ మాల్కౌంస్‌ని మొదటి రెండు నిమిషాలు ఖాన్ సాహెబ్ అనుకుని ఒళ్ళు జలదరించి విన్నాను, కాదని తెలిశాక "బాగానే పాడారు" అంటున్నాను. బాగానే! ఈ "నే" ఎక్కడినుంచి వచ్చింది? చీటీ మనకి వినడం నేర్పుతుంది, అదే చీటీ మన బదులు తనే వినేస్తుంది కూడా. పదకొండేళ్ళ భీమ్‌సేన్ జోషి ఈ అబ్దుల్ కరీం ఖాన్ ఝింఝోటి రాగం ప్లేటు విని ఇల్లు వదిలి పారిపోయింది లేబులు చదివి కాదు కదా.

అయినా ఆ కుర్రాడు పారిపోయి వెతుక్కుంటూ తిరిగి చివరికి చేరింది ఆ ఖాన్ సాహెబ్ శిష్యుడైన సవాయి గంధర్వ దగ్గరికే. ప్లేటు మీద పేరు లేకపోతే ఎవరిని వెతుక్కునేవాడు? ఇది నా వాదన గెలిచినట్టు కాదు గాని, నాకు కొంచెం ఊరట.

పక్కన కూర్చున్నవాళ్ళు

ఇక చీటీలు ఉన్నచోట కూడా ఎవరికి ఉన్నాయన్నది చూడాలి. పాత ప్లేట్లలో గాయని పేరు ఉంటుంది, రాగం పేరు తప్పో ఒప్పో ఉంటుంది. సారంగి ఎవరిది? తబలా ఎవరిది? చాలావాటిమీద లేదు. పాడినావిడ ఊపిరి తీసుకునే చోట ఆ ఖాళీని సారంగి పట్టుకుంటుంది, ఆవిడ గొంతు నీడలా వెంట వస్తుంది, కొన్నిచోట్ల నీడే ముందు నడుస్తుంది. చాలాసార్లు ఆవిడకి పాట నేర్పింది కూడా ఆ సారంగి వాయించేవాళ్ళే. వాళ్ళ పేరు చెప్పడానికి ప్లేటు చివర రెండు క్షణాలు మిగల్లేదు. శతజయంతులు ఎవరికి చేస్తున్నామో చూస్తే ఆ లెక్క ఇప్పటికీ అలాగే ఉంది.

సేకరించేవాళ్ళలో ఇంకో రకం ఉన్నారు, వాళ్ళ దగ్గర అన్ని వివరాలూ ఉంటాయి, ప్లేటు మీద కంపెనీ చెక్కిన మ్యాట్రిక్స్ నంబరుతో సహా. కానీ వినిపించరు. ఒకాయన నాకు స్పూల్ టేపుల బీరువా తలుపు తీసి చూపించి వెంటనే మూసేశారు. వెనిగర్ వాసన గుప్పున కొట్టింది. ఆ వాసన వస్తోందంటే టేపు కుళ్ళుతోందని అర్థం. కాపీ చేయిద్దామండీ అంటే, "నా తర్వాత చూసుకోండి" అన్నారు. ఆ టేపులు ఆయనకన్నా ముందే పోయేట్టున్నాయి.

అన్నపూర్ణాదేవి

ఒక్కచోట మాత్రం నా చీటీ సిద్ధాంతం పూర్తిగా చేతులెత్తేస్తుంది. అన్నపూర్ణాదేవి, సరోద్ విద్వాంసుడు అల్లావుద్దీన్ ఖాన్ కూతురు, కచేరీలు చేయడం ఎప్పుడో మానేసి, తలుపు వేసుకుని, నిఖిల్ బెనర్జీ, హరిప్రసాద్ చౌరాసియా లాంటివాళ్ళకి నేర్పుతూ 2018లో పోయారు. రికార్డు ఇవ్వలేదు. ఆవిడ సుర్‌బహార్ (సితార్ కన్నా పెద్దదైన తీగల వాద్యం) మీద వాయించిన మాంఝ్ ఖమాజ్ రాగం ఒకటి చేతులు మారుతూ తిరుగుతుంది, ఆవిడకి తెలియకుండా చేసిన రికార్డింగని అంటారు. అరుదైన రికార్డింగు అన్న మాటకి ఇంతకన్నా నికార్సయిన ఉదాహరణ లేదు. దానికి పేరు సరిగ్గానే ఉంది, వాద్యం, రాగం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లేనిదల్లా ఆవిడ ఒప్పుకోలు.

ఏటా ఆవిడ పోయిన అక్టోబరు 13న అది గ్రూపులో వస్తుంది. వద్దన్నావిడకి అదే పెట్టి దండం పెట్టడం గౌరవం ఎలా అవుతుందో నాకు తెలియదు. నేను దాన్ని ఎవరికీ పంపను. వింటాను. మొన్న కూడా విన్నాను. రాగం విప్పుతూ విప్పుతూ కింది తీగల దగ్గరికి దిగినప్పుడు నాకు ఈ ధర్మసందేహాలు ఏవీ గుర్తుండవు, అయిపోయాక గుర్తొస్తాయి. దీన్ని సమర్థించుకోవడానికి ఏమైనా రాద్దామని చూశాను, రాసినవన్నీ కొట్టేశాను.

మామయ్య మాల్కౌంస్ క్యాసెట్టు ఎక్కించాను. పెన్సిలుతో రీలు బిగించి, ఫంగసు తుడిచి, ఇరవై ఆరు నిమిషాలు వచ్చింది, ద్రుత్, అంటే వేగంగా పాడే భాగం, మొదలవగానే కరెంటు పోయింది. స్నేహితులు నలుగురికి పంపుతూ కింద రాశాను: "మాల్కౌంస్. జాతీయ కార్యక్రమం, శనివారం రాత్రి, ఏడాది తెలియదు. గాయకుడు తెలియదు. సారంగి, తబలా తెలియదు. శ్రుతి సర్దలేదు. చివర్లో కరెంటు పోయింది." రెండు రోజుల్లో మూడు జవాబులొచ్చాయి. ముగ్గురూ మూడు వేరే పేర్లు చెప్పారు, ముగ్గురూ ఇందులో అనుమానమే లేదన్నారు. చీటీ మీద ఇంకా "తెలియదు" అనే ఉంది.